నిండిన పళ్లెం, మూసిన ద్వారం

ప్రాణి కృశించడానికి రెండు కారణాలు లోకం ఎరిగినవే. తిండి లేకపోవడం ఒకటి. ఉన్న తిండి సరియైనది కాకపోవడం రెండవది. ఈ రెండింటికీ భిన్నమైన మూడవ కారణం కూడా ఒకటి ఉన్నది. తిండి సమృద్ధిగా ఉండి, అది మేలైనదై ఉండి, తిన్నది చక్కగా జీర్ణమై కూడా, అందులోని సారం రక్తంలోనికి ప్రవేశించే దారి లేక, వచ్చినదారినే బయటికి పోవడం. ఈ మూడవ కారణాన్ని లోకానికి స్పష్టంగా చూపినవారిలో మానవులతోపాటు శునకాలు కూడా ఉన్నవి.

జెయంట్ ష్నౌజర్ అని జర్మనీ దేశపు కుక్కజాతి ఒకటి ఉన్నది. ఒకప్పుడు పశువుల మందలను తోలడానికి పెంచిన బలమైన జాతి అది. ఆ జాతిలో కొన్ని కుటుంబాలలో పుట్టిన పిల్లలు మొదటి వారాలలో తోడి పిల్లలతో సమానంగానే పెరుగుతవి. రెండు మూడు నెలలు నిండేసరికి వాటిలో ఒకటి రెండు వెనుకబడతవి. తిండి మీద ఆసక్తి తగ్గుతుంది, ఆట మానుతవి, చిగుళ్లు పాలిపోతవి, బరువు పెరగదు. పళ్లెంలో మాంసమున్నది, పాలున్నవి. రక్తాన్ని పరీక్షిస్తే బి-12 విటమిను దాదాపు లేదని తేలుతుంది.

ఇది వింత విషయమే. బి-12 విటమినును మొక్కలు తయారు చేయలేవు. జంతువులూ తయారు చేయలేవు. సూక్ష్మజీవులు మాత్రమే దానిని నిర్మించగలవు. వాటి నుంచి అది పశువుల శరీరంలో చేరి, మాంసం, కాలేయం, గ్రుడ్లు, పాలు మొదలైనవాటి ద్వారా ఇతరులకు అందుతుంది. శాకాహారికి ఈ విటమిను కొరత ఏర్పడిందంటే అర్థం చేసుకోవచ్చు. మాంసం తినే కుక్కకు ఆ కొరత ఎందుకు రావాలె? సాధారణంగా ముందుగా అనుమానించేది యజమానినే, సరిగా మేపలేదంటారు. ఆ అనుమానం తప్పు. లోపం పళ్లెంలో లేదు, వడ్డించిన చేతిలో లేదు. ఆ పిల్ల పుట్టకముందే, తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన జన్యువులలో ఉన్నది.

శునకం చెప్పిన మొదటి పాఠం

విటమినుల చరిత్రలో శునకానికి పెద్ద స్థానమే ఉన్నది. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో మొక్కజొన్నపై బ్రతికే పేదలకు పెల్లాగ్రా అనే వ్యాధి వచ్చేది. ఎండ తగిలిన చర్మం నల్లబడి పగిలిపోవడం, విరేచనాలు, చివరకు మతిభ్రమణం దాని లక్షణాలు. ఇది అంటువ్యాధి కాదని, ఆహార లోపమని వాదించి నిరూపించిన వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బెర్గర్. కుక్కలకు వచ్చే నల్లనాలుక వ్యాధి కూడా ఇటువంటిదేనని ఆయన గుర్తించాడు. 1937లో కాన్రాడ్ ఎల్వెజెమ్ అనే శాస్త్రజ్ఞుడు కాలేయం నుంచి నికోటినిక్ ఆమ్లాన్ని వేరు చేసి, దానితో కుక్కల నల్లనాలుకను నయం చేశాడు. అనతికాలంలోనే అదే మందు మనుషుల పెల్లాగ్రానూ నయం చేసింది.

రక్తహీనత విషయంలోనూ అంతే. జార్జి విపుల్ అనే శాస్త్రజ్ఞుడు కుక్కల రక్తం తీసి, అవి మళ్లీ రక్తాన్ని నింపుకొనడానికి ఏ ఆహారం ఎక్కువ తోడ్పడుతుందో పరిశీలించాడు. కాలేయం అన్నిటికంటె మేలని తేలింది. ఆ ఆధారంతో 1926లో జార్జి మైనాట్, విలియం మర్ఫీ అనే వైద్యులు అప్పటిదాకా ప్రాణాంతకంగా ఉండిన ఒక రక్తహీనత రోగులకు కాలేయాన్ని ఆహారంగా పెట్టి బ్రతికించారు. 1934లో ఈ ముగ్గురికీ నోబెల్ బహుమానం లభించింది. ఇందులో ఒక చమత్కారం ఉన్నది. విపుల్ కుక్కలకు మేలు చేసింది కాలేయంలోని ఇనుము. బోస్టను రోగులకు మేలు చేసింది అదే కాలేయంలోని వేరొక పదార్థం. ఆ పదార్థమే తర్వాత బి-12 అని పేరు పొందింది.

ఆ పదార్థం కోసం కాలేయాన్ని వడగట్టి వెదికినవారిలో తెలుగువాడు ఒకడున్నాడు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్న పురుషోత్తం స్ప్రూ అనే వ్యాధితో మరణించాడు. స్ప్రూ అంటే ప్రేగులు ఆహారంలోని సారాన్ని గ్రహించలేని స్థితి. తిన్నా ఒంటబట్టని జబ్బు. ఇంట జరిగిన ఆ దుర్ఘటన సుబ్బారావును వైద్య పరిశోధనవైపు మళ్లించింది. 1923లో అమెరికా చేరి హార్వర్డులో, అనంతరం లెడర్లీ పరిశోధనాలయంలో పనిచేశాడు. 1945లో ఆయన నాయకత్వాన అక్కడి రసాయనజ్ఞులు ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేశారు. స్ప్రూ రోగులకు అది ప్రాణం పోసింది. అయితే మైనాట్ చికిత్స చేసిన రకం రక్తహీనతలో ఫోలిక్ ఆమ్లం రక్తాన్ని బాగుచేసినా, నరాల క్షీణతను ఆపలేకపోయింది. అందుకు కావలసింది మరొకటి. ఆ బి-12 విటమినును 1948లో అమెరికాలోను, ఇంగ్లండులోను విడివిడిగా ఎర్రని స్ఫటికాల రూపంలో వేరు చేశారు. ఆ సంవత్సరమే, ఆగస్టు నెలలో, సుబ్బారావు కన్నుమూశాడు. దాని అణు నిర్మాణాన్ని వెలికితీసిన డొరొతీ హాడ్జ్‌కిన్‌కు 1964లో నోబెల్ బహుమానం వచ్చింది.

జొన్న చెప్పిన రెండవ పాఠం

పళ్లెంలో లేనిది ఒంటికి రాదన్నది మొదటి పాఠం. పళ్లెంలో ఉన్నంతమాత్రాన ఒంటికి వచ్చి తీరుతుందా అన్న ప్రశ్న తెలంగాణ గడ్డమీదనే తలెత్తింది.

1918లో నీలగిరులలోని కూనూరులో చిన్న విచారణ కేంద్రంగా మొదలైన ఆహార పరిశోధన సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969 నుంచి దానికి జాతీయ పోషకాహార సంస్థ అని పేరు. ఇక్కడి వైద్యులు దక్కను పీఠభూమిలో పెల్లాగ్రా రోగులను చూచారు. వారు మొక్కజొన్న తినేవారు కారు, జొన్న తినేవారు. జొన్నరొట్టె, జొన్నగటక వరంగల్లు పల్లెలకు తెలియనివి కావు. జొన్నలో నికోటినిక్ ఆమ్లం మరీ తక్కువేమీ కాదు. మరి రోగం ఎందుకు వచ్చింది? 1960లో డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్. జి. శ్రీకంఠయ్య ఒక సమాధానం ప్రతిపాదించారు. జొన్న మాంసకృత్తులో లూసీన్ అనే అంశం మితిమీరి ఉన్నదని, అది శరీరం ఆ విటమినును తయారు చేసుకొనే, వాడుకొనే క్రమాన్ని చెడగొడుతున్నదని వారి అభిప్రాయం. 1969లో గోపాలన్ తన సహచరులతో కలిసి కుక్కలపై చేసిన ప్రయోగాల ఫలితాలను ప్రకటించాడు. లూసీన్ అధికమైన ఆహారం కుక్కలకు నల్లనాలుక తెప్పించగలదని ఆ పరిశోధన సారాంశం. ఇతర దేశాలలో తర్వాత జరిగిన ప్రయోగాలన్నీ దీనిని సమర్థించలేదు. అయినా ఆ పరిశోధన లేవనెత్తిన ప్రశ్న మాత్రం నిలిచిపోయింది. ఆహారంలో ఎంత ఉన్నదని అడగడంతో పని తీరదు. శరీరానికి ఎంత దక్కిందని కూడా అడగాలె.

ఈ రెండవ ప్రశ్ననే మరింత లోతుకు తీసుకొనిపోయినది జెయంట్ ష్నౌజర్ పిల్ల.

కోటలోనికి దారి

బి-12 విటమిను నోటి నుంచి రక్తం చేరే మార్గం ఎంత చిక్కైనదో వరంగల్లు కోటను చూచినవారికి సులభంగా తెలుస్తుంది. 13వ శతాబ్దిలో గణపతిదేవ, రుద్రమదేవుల కాలంలో బలపడిన ఆ కోటలో ముందు మట్టికోట, దానిని దాటితే అగడ్త, ఆపైన రాతికోట. రాతికోట ద్వారం ఎదురుగా తిన్నగా ఉండదు. వచ్చినవాడు మలుపు తిరిగి, కావలివారి కంటబడి, మళ్లీ మలుపు తిరిగి లోనికి ప్రవేశించాలె. ధాన్యపు బండ్లు వేయి వచ్చి బయట నిలిచినా, లోపలి ద్వారం తెరవకుంటే కోటలో కరవే.

బి-12 ప్రయాణం కూడా ఇటువంటిదే. ఆహారంలో అది మాంసకృత్తులను అంటిపెట్టుకొని ఉంటుంది. జీర్ణాశయంలోని ఆమ్లం దానిని విడదీస్తుంది. వెంటనే లాలాజలం నుంచి వచ్చిన ఒక మాంసకృత్తు దానిని పట్టుకొని చిన్నప్రేగు వరకు సాగనంపుతుంది. అక్కడ క్లోమరసం ఆ మొదటి తోడును తొలగిస్తుంది. అప్పుడు రెండవ తోడు వచ్చి చేయి పట్టుకొంటుంది. దీనిని అంతర్గత కారకం అంటారు. విలియం కాజిల్ అనే వైద్యుడు దీని ఉనికిని గుర్తించాడు. మనిషిలో దీనిని జీర్ణాశయమే తయారు చేస్తుంది. కుక్కలో ముఖ్యంగా క్లోమం తయారు చేస్తుంది. ఈ రెండవ తోడుతో బి-12 చిన్నప్రేగు చివరిదాకా పోతుంది. అక్కడ, ప్రేగుగోడ కణాల మీద, దానికోసమే ఏర్పడిన ద్వారం ఉన్నది.

ఆ ద్వారం రెండు మాంసకృత్తుల కలయిక. ఒకదాని పేరు క్యూబిలిన్. వచ్చిన బి-12ను, దాని తోడును గుర్తుపట్టి పట్టుకొనేది ఇదే. అయితే దీనికి కణం పొరలో నిలదొక్కుకొనే వేరు లేదు. రెండవదాని పేరు ఆమ్నియన్‌లెస్. ఇది క్యూబిలిన్‌ను కణం లోపలి నుంచి పైకి తెచ్చి, పొరలో నాటి నిలబెడుతుంది. ఒకటి తలుపు, రెండవది ద్వారబంధం. తలుపు లేని ద్వారబంధం ఎంత వ్యర్థమో, ద్వారబంధం లేని తలుపు అంతే వ్యర్థం.

మనిషికి రోజుకు కావలసిన బి-12 ఎంతో స్వల్పం. గ్రామును పది లక్షల భాగాలు చేస్తే అందులో రెండు మూడు భాగాలు చాలు. ఆ అణుమాత్రం అందకపోతే మూలుగలో రక్తకణాలు సరిగా ఏర్పడవు, నరాలు క్షీణిస్తవి, కొన్ని ఆమ్లాలు శరీరంలో నిలిచి మూత్రంలో బయటపడతవి.

జన్యువులో తప్పిన అక్షరం

అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జాన్ ఫైఫ్, ఆయన సహచరులు ఈ జెయంట్ ష్నౌజర్ కుటుంబాలను అనేక సంవత్సరాలు పరిశీలించి 1991లో ఫలితాలు ప్రకటించారు. రోగగ్రస్తమైన కుక్కలలో జీర్ణక్రియ సరిగానే ఉన్నది. అంతర్గత కారకమూ ఉన్నది. ప్రేగుగోడకు పైన మాత్రం ద్వారం లేదు. క్యూబిలిన్ కణం లోపలనే చిక్కుకొని, పైకి రాలేక నిలిచిపోయి ఉన్నది. తలుపు తయారైంది కాని దానిని ఎత్తి నిలిపేవారు లేరు.

2005లో దీనికి మూలమైన జన్యు లోపం ప్రకటితమైంది. అది క్యూబిలిన్ జన్యువులో కాదు, ఆమ్నియన్‌లెస్ జన్యువులో ఉన్నది. ఆస్ట్రేలియన్ షెపర్డ్ అనే మరొక జాతిలోనూ ఆ జన్యువే చెడి ఉన్నది. చెడిన చోటు మాత్రం వేరు. ఆ తర్వాత గొర్రెలను కాచే బోర్డర్ కోలీ జాతిలోను, బీగిల్ జాతిలోను ఇదే వ్యాధి కనబడగా, 2013, 2014 సంవత్సరాలలో వాటి లోపాలు క్యూబిలిన్ జన్యువులో ఉన్నవని తెలిసింది. రెండు జాతులలో ద్వారబంధం లేదు. రెండు జాతులలో తలుపు లేదు. ఫలితం ఒక్కటే.

ఈ తేడాలు ఎటువంటివో తరగతిలో నల్లబల్లపై చూపవచ్చు. జన్యువులోని వ్రాతను శరీరం మూడేసి అక్షరాలుగా చదువుతుంది. మూడక్షరాల మాటలతో ఒక వాక్యం వ్రాయండి: ‘కమల పలక కొనెను’. ఇప్పుడు రెండవ అక్షరం ‘మ’ను తుడిచివేసి, మిగిలినవాటిని మళ్లీ మూడేసిగా చదవండి: ‘కలప లకకొ నెను’. ఒక్క అక్షరం పోయినందుకు మొదటి మాట వేరొక మాట అయింది. ఆపైన అంతా అర్థం లేని మాటలే. బోర్డర్ కోలీలోను, బీగిల్‌లోను జరిగినది సరిగా ఇదే. ఒక్కొక్క అక్షరం లోపించింది. జెయంట్ ష్నౌజర్‌లో 33 అక్షరాలు పోయినవి. మూడేసి చొప్పున లెక్కిస్తే సరిగా పదకొండు మాటలు. మిగిలిన మాటలు చెదరలేదు కాని, పోయిన పదకొండు లేక ఆ మాంసకృత్తు తన పని చేయలేకపోయింది. ఆస్ట్రేలియన్ షెపర్డ్‌లో మారినది ఒక్క అక్షరమే. అయితే అది శ్రీకారం చుట్టవలసిన మొదటి మాటలోని అక్షరం. ఎక్కడ చదవడం ప్రారంభించాలో శరీరానికి తెలియకుండా పోయింది.

ఈ వ్యాధి కుక్కలకు మాత్రమే పరిమితమైనది కాదు. 1960లో నార్వేలో ఓల్గా ఇమర్‌స్లుండ్, ఫిన్లండులో రాల్ఫ్ గ్రాస్‌బెక్ తమ దేశాలలోని కొందరు పసిపిల్లలలో ఇటువంటి స్థితినే వర్ణించారు. నేడు ఆ ఇద్దరి పేర్లతోనే దానిని పిలుస్తారు. ఈ ద్వారపు మాంసకృత్తులు మూత్రపిండాలలో కూడా పనిచేస్తవి కనుక, ఆ పిల్లలలో చాలమందికీ, ఈ కుక్కలకూ మూత్రంలో మాంసకృత్తులు పోతుంటవి. మనుషులలో లోపించిన జన్యువులు కూడా ఈ రెండే.

చికిత్స చాల సులభం. ద్వారం మూసి ఉన్నప్పుడు ధాన్యాన్ని గోడమీదుగా దించినట్లు, బి-12ను సూదిమందుగా ఇస్తే అది నేరుగా రక్తంలో చేరుతుంది. కొద్ది రోజులలోనే కుక్కపిల్ల లేచి తిండి అడుగుతుంది. క్రమం తప్పక జీవితాంతం ఇస్తే తోడి కుక్కలవలెనే బ్రతుకుతుంది. ఎక్కువ మోతాదులో రోజూ నోటి ద్వారా ఇచ్చినా ఫలితం ఉంటుందని బీగిల్ కుక్కలపై జరిగిన పరిశీలన 2019లో చూపింది. పెద్ద మోతాదులో నూటికి ఒక వంతు ద్వారంతో పనిలేకుండానే గోడలోనుంచి ఇంకుతుంది. గుర్తించక విడిచిపెడితే మాత్రం ఆ పిల్ల బ్రతకదు. రూపాయలలో లెక్కపెడితే చవకైన మందు. గుర్తించే చూపే ఖరీదైనది.

దాగి వచ్చే లోపం

ఈ లోపం తరతరాలుగా ఎవరి కంటా పడకుండా ఎట్లా వచ్చింది? మెండెల్ బఠానీ మొక్కలతో 1866లో చెప్పిన సూత్రంలోనే దీనికి సమాధానం ఉన్నది. ప్రతి జన్యువుకూ రెండు ప్రతులుంటవి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ద్వారం ఏర్పడడానికి ఒక మంచి ప్రతి చాలును. ఒకటి చెడి, ఒకటి మంచిదైన కుక్క సంపూర్ణ ఆరోగ్యంతో ఉంటుంది. దానిని వాహకం అంటారు. ఇటువంటి లక్షణానికే పాఠ్యగ్రంథాలలో అంతర్గత లక్షణమని పేరు. ఇద్దరు వాహకాలు జతకట్టినప్పుడు పుట్టే ప్రతి పిల్లకు రోగం వచ్చే అవకాశం నాలుగింట ఒకటి, వాహకమయ్యే అవకాశం రెండింట ఒకటి, పూర్తిగా నిర్దోషమయ్యే అవకాశం నాలుగింట ఒకటి.

ఇక్కడ విద్యార్థులు తరచు ఒక పొరపాటు చేస్తారు. నాలుగు పిల్లలు పుడితే ఒకటి తప్పక రోగి అనుకొంటారు. అది నిజం కాదు. ప్రతి పిల్లకూ లెక్క కొత్తగా మొదలవుతుంది. ఆరు పిల్లల ఈతలో ఒక్క రోగి కూడా లేకపోయే అవకాశం ముప్పావును ఆరుసార్లు గుణించితే వస్తుంది. అది నూటికి దాదాపు 18. అంటే అటువంటి ఈతలు అయిదారింట ఒకదానిలో అందరూ ఆరోగ్యంగానే కనబడతారు. వాహకం సాధారణ కుక్కతో జతకట్టినప్పుడైతే రోగి అసలే పుట్టదు. అయినా పిల్లలలో సగం మంది చెడిన ప్రతిని తమతో మోసుకొని పోయే అవకాశం ఉన్నది. నేల క్రింద పారే ఊటవలె లోపం అట్లా తరాలు దాటుతుంది.

కుక్కజాతుల నిర్మాణమే ఆ ఊటను పైకి తెస్తుంది. నేడు మనం చూచే అనేక విదేశీ జాతులు 19వ శతాబ్ది తర్వాత కట్టుబాటుతో ఏర్పడినవి. వంశావళి పుస్తకంలో పేరున్న కుక్క అదే పుస్తకంలోని మరొక కుక్కతోనే జతకట్టాలె. బయటి రక్తం కలవరాదు. ప్రదర్శనలో బహుమానం పొందిన ఒక మగకుక్కను అనేక ఆడకుక్కలకు కలుపుతారు. దాని చెవుల తీరు, నడక ఠీవి వచ్చిన పిల్లలతోపాటు, అది తెలియక మోస్తున్న చెడు ప్రతి కూడా అంతమందికీ పంచిపెట్టబడుతుంది. రెండు మూడు తరాలు గడిచేసరికి మనుమడు, మనుమరాలు జతకడతారు. అప్పుడు రెండు చెడు ప్రతులు ఒక్కచోట కలుస్తవి. వీధికుక్కలలో ఇటువంటి కలయిక అరుదు. అందుకు వాటి గొప్పతనం కారణం కాదు; వాటి పెండ్లిళ్లకు పుస్తకం లేకపోవడమే కారణం.

నేడు రక్తం చుక్కతోనో, బుగ్గ లోపలి నుంచి తీసిన కణాలతోనో వాహకాన్ని గుర్తించే పరీక్షలు ఉన్నవి. వాహకమని తేలిన కుక్కను వంశం నుంచి వెలివేయాలని కొందరు తొందరపడతారు. లెక్క తెలిసినవారు అట్లా చెప్పరు. వాహకాన్ని నిర్దోషమైన కుక్కతో కలిపితే రోగి పుట్టదు. ఆ పిల్లలను కూడా పరీక్షించి, నిర్దోషమైనవాటితో వంశాన్ని కొనసాగించవచ్చు. ఒక్క దోషం కోసం వాహకాలన్నిటినీ త్రోసివేస్తే, మిగిలిన కొద్దిపాటి కుక్కల మధ్యనే సంబంధాలు జరిగి, మరొక దాగిన దోషం పైకి తేలవచ్చు. వరంగల్లు పట్టణంలోనూ నేడు విదేశీ జాతుల కుక్కలను కొని పెంచేవారున్నారు. పిల్ల రంగును, తల్లిదండ్రుల బహుమానాలను అడిగేవారు, వాటి వంశంలో ఎటువంటి పరీక్షలు జరిగినవని కూడా అడగడం న్యాయం. పట్టణానికి సమీపంలోనే మామునూరులో పశువైద్య కళాశాల ఉన్నది; బాగా తిని కూడా ఎదగని పిల్లను అటువంటి చోటికి తీసుకొనిపోతే, మరింత తిండి పెట్టడంకంటె ఎక్కువ మేలు జరుగుతుంది.

మేనరికపు లెక్క

కుక్కల వంశావళి పుస్తకాన్ని గురించి చదివే తెలుగువారికి తమ ఇళ్లలోని ఒక ఆచారం గుర్తుకు రాక మానదు. మేనమామకో, మేనత్త కొడుకుకో పిల్లనిచ్చే ఆచారం తెలుగునాట చిరకాలంగా ఉన్నది. భూమి చెదరకుండా ఉండడం, ఎరిగిన ఇంట పిల్ల సుఖపడుతుందన్న నమ్మకం మొదలైన కారణాలు దానికి ఉన్నవి. శాస్త్రం ఆ ఆచారాన్ని దూషించదు. దాని లెక్క మాత్రం చెబుతుంది. మేనత్త, మేనమామ పిల్లలు పెండ్లాడితే, వారి సంతానంలో ఏ ఒక్క జన్యువు విషయంలోనైనా రెండు ప్రతులూ ఒకే పూర్వికుని నుంచి వచ్చి కలిసే అవకాశం పదహారింట ఒకటి. అక్కకూతురును మేనమామ పెండ్లాడితే ఆ అవకాశం ఎనిమిదింట ఒకటి. ఆ పూర్వికుడు మోసినది మంచి ప్రతి అయితే కీడు లేదు. అందుకే మేనరికపు సంతానంలో అధికసంఖ్యాకులు ఆరోగ్యవంతులే. చెడు ప్రతి అయితే మాత్రం అది దాగి ఉండే చోటు తగ్గిపోతుంది.

అందువల్ల ఇంట్లో ఒక బిడ్డ ఇటువంటి జబ్బుతో పుడితే, తల్లి కడుపును నిందించడం, ఆమె తిండినో, జాతకాన్నో తప్పుపట్టడం అజ్ఞానం. చెడు ప్రతి తల్లి నుంచి ఎంత వచ్చిందో తండ్రి నుంచీ అంతే వచ్చింది. ఇద్దరూ తెలియక మోసినవారే. తెలిసిన తర్వాత చేయవలసింది వైద్యుని అడగడం. మరొక సంబంధం కుదుర్చుకొనేటప్పుడు కుటుంబంలోని జబ్బుల చరిత్రను దాచక చెప్పడం.

ఈ విషయంలో ఉపాధ్యాయునికి ప్రత్యేకమైన బాధ్యత ఉన్నది. పాలిపోయిన ముఖంతో, పాఠం మీద మనసు నిలపలేక, ఆటలో వెనుకబడే పిల్లవాడు ప్రతి తరగతిలోనూ కనబడతాడు. వాని జబ్బుకు అధికభాగం సామాన్యమైన కారణాలే ఉంటవి. ఇనుము చాలకపోవడం, కొంకిపురుగులు, పాలు పెరుగు కూడా దొరకని శాకాహారం. వీటికి మందు ఉన్నది, తిండి ఉన్నది. అవి ఇచ్చిన తర్వాత కూడా ఆ పిల్లవాడు కోలుకొనకపోతే, అప్పుడు వానిని సోమరి అనడానికీ, తల్లి సరిగా పెట్టడం లేదనడానికీ ముందు, మూడవ కారణం ఒకటి ఉన్నదని గుర్తుంచుకోవాలె. 1959లో వెలసిన కాకతీయ వైద్య కళాశాల వరంగల్లులోనే ఉన్నది. పెద్ద ఆసుపత్రి ఉన్నది. ఒక ఉపాధ్యాయుడు ఇచ్చిన ఒక మాట సలహా ఆ పిల్లవానిని అక్కడికి చేర్చగలదు.

ఆకలిగొన్నవానికి అన్నం పెట్టడం ధర్మమని చిన్ననాటి నుంచీ అందరూ నేర్చుకొన్నదే. పెట్టిన అన్నం ఒంటబట్టిందా లేదా అని ఒక్క క్షణం ఆగి చూడడం కూడా ఆ ధర్మంలో భాగమే. ముందుతరం వైద్యులు ఆ చూపును రోగుల మంచాల ప్రక్కన అలవరచుకొన్నారు. శాస్త్రజ్ఞులు దానిని పళ్లెం ముందర నీరసించి పడుకొన్న కుక్కపిల్ల దగ్గర అలవరచుకొన్నారు. బడిలో బల్లలమీద కూర్చున్న పిల్లల విషయంలో దానిని అలవరచుకొనవలసినవారు ఉపాధ్యాయులు.